ఉత్తమ ఫిర్యాదు ప్రసంగం

మా రేవులపాడు మునిసిపాలిటీ మీద జనానికి ఎందుకింత కోపమో కనిపెట్టడానికి పైనుంచి ఒక బృందం వచ్చింది. కొన్నాళ్ళు గెస్టుహౌసులో ఉండి, చేపల పులుసు తిని, ఒక నివేదిక ఇచ్చి వెళ్ళింది. కుళాయిలో నీళ్ళు రాకపోవడం వల్ల ప్రజలకు కోపం రావడం లేదనీ, నీళ్ళు రావని మేము చెప్పే తీరు వల్ల వస్తోందనీ అందులో తేల్చారు. మా గుండెల మీద బరువు దిగింది. పైపులు మార్చాలంటే ఏళ్ళు పడుతుంది. నోరు మార్చుకోవడానికి ఎంతసేపు?

కమిషనర్ మార్తాండరావుగారు ఆ నివేదిక పొద్దున చదివి, మధ్యాహ్నం ఆలోచించి, సాయంత్రానికి ఉత్తర్వు జారీ చేశారు. సీనియర్ అసిస్టెంటుని కాబట్టి దాన్ని టైపు చేసే భాగ్యం నాకే దక్కింది. "ఇకమీదట ఏ ఉద్యోగి గానీ, ఏ సందర్భమున గానీ, శ్రోతతో మమేకము కాకుండా నోరు తెరవరాదు" అని దాని సారాంశం. మాలో చాలామంది అంతకుముందు కూడా తెరిచేవాళ్ళు కారు కనుక మొదట్లో పెద్ద తేడా తెలియలేదు.

మమేకం కావడం నేర్పడానికి ప్రభంజన్‌గారనే శిక్షకుణ్ణి పిలిపించారు. ఆయన తనను తాను ప్రసంగశిల్పి అనుకునేవారు. ఎదురుగా ముగ్గురే ఉన్నా కాలరుకు మైకు తగిలించుకునే మాట్లాడేవారు. ఒకచోట నిలబడేవారు కారు. ఏ మాటయినా సరే ముందు సొంత జీవితంలోంచి ఒక కథతో మొదలుపెట్టాలనీ, కళ్ళలోకి చూడాలనీ, గుండె తాకే చోట ఆగాలనీ, చప్పట్లు వచ్చాకే విషయంలోకి దిగాలనీ ఆయన నేర్పారు. విషయం లేకపోయినా పరవాలేదని కూడా చెప్పారు. ఆ ముక్క మా ఆఫీసులో అందరికీ బాగా నచ్చింది.

సొంత కథ దగ్గరే కొంచెం చిక్కు వచ్చింది. మాలో చాలామందికి చిన్నతనంలో చెప్పుకోదగ్గ కష్టాలు లేవు. కమిషనర్‌గారు దీనికీ మార్గం చూపించారు. కష్టాలను సీనియారిటీ ప్రకారం పంచారు. చెప్పులు లేకుండా బడికి నడిచి వెళ్ళడం ఆయన తీసుకున్నారు. మేనేజరుకు పస్తులు వచ్చాయి. నాకు కిరోసిన్ దీపం కింద చదువు ఇచ్చారు. మా ఇంట్లో నేను పుట్టకముందే కరెంటు ఉందని విన్నవించుకున్నాను. ఉన్నా అప్పుడప్పుడు పోయేది కదా, ఆ పోయినప్పటి సంగతి చెప్పమన్నారు.

ఆ తర్వాత ఊళ్ళో మాటకు కొత్త కళ వచ్చింది. నీళ్ళ ట్యాంకరు డ్రైవరు పంపు తిప్పే ముందు, బిందెలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళకు వాళ్ళమ్మ నీళ్ళు మోసిన కథ చెప్పేవాడు. కొందరు కళ్ళు తుడుచుకునేవారు. కథ అయ్యేసరికి పక్క వీధికి వెళ్ళే వేళ దాటిపోయేది. పక్క వీధిలో మాత్రం జనం చాలా కోపంగా ఉండేవారు. కథ తమ దాకా రాకపోవడమే వాళ్ళ కోపానికి కారణమని మేము నివేదించాం.

మరణ ధ్రువపత్రాలిచ్చే గుమాస్తాకు మాత్రం అన్యాయం జరిగిందనే నేనంటాను. తేలికపాటి హాస్యంతో ప్రారంభించవలెనని ఉత్తర్వులో స్పష్టంగా ఉంది. తండ్రి పోయిన ఒకాయన పత్రం కోసం వస్తే, పాపం, అతను నిబంధన ప్రకారమే ఒక జోకు వేశాడు. ఆయన నవ్వలేదు. శ్రోతతో మమేకం కాలేకపోయినందుకు సంజాయిషీ అడుగుతూ గుమాస్తాకు మెమో ఇచ్చారు.

ఇదంతా ఉద్యోగుల వరకే అయితే సరిపోయేది. మమేకత ఒకవైపు నుంచే ఉంటే చాలదని, అది రెండువైపులా ఉండాలని ప్రభంజన్‌గారు కమిషనర్‌గారికి నచ్చజెప్పారు. దాంతో సోమవారం ఫిర్యాదుల రోజున వచ్చే ప్రజలకు కూడా మార్కులు పెట్టాలని నిర్ణయమైంది. పాసైన ఫిర్యాదునే రిజిస్టర్ చేస్తారు. తప్పినవాళ్ళు మరో సోమవారం మళ్ళీ రావచ్చు. ఫిర్యాదులు ఒక్కసారిగా తగ్గిపోయాయి. ఉత్తర్వు పనిచేస్తోందనడానికి అంతకంటే రుజువేం కావాలి?

అటువంటి ఒక సోమవారం కడలి చంద్రకాంతం వచ్చింది. చేపలమార్కెట్టు వెనకాల వాడలో అంగన్వాడీ టీచరామె. సన్నగా, పొట్టిగా ఉంటుంది. మాట మెత్తన. ఆ అంగన్వాడీ రేకుల షెడ్డుకు పక్కనే, దాని మీదికి ఒరిగినట్టు, మా మునిసిపాలిటీ వారి ఓవర్‌హెడ్ ట్యాంకు ఉంది. అది కట్టి ఎన్నాళ్ళయిందో చెప్పగలిగిన ఉద్యోగులంతా రిటైరైపోయారు.

"అయ్యా, మా పిల్లల నెత్తిమీదున్న ట్యాంకు పెచ్చులూడి పడిపోతందండి" అందామె. "ఇనప చువ్వలు బయటికొచ్చేసినాయి. ఓ పక్క నుంచి నీళ్ళు కారతన్నాయి. కింద పసిపిల్లలుంటారండి. ఒకసారి మనిషిని పంపి చూపించండి."

అంతే. చెప్పడం అయిపోయింది. అందరం కాసేపు ఎదురుచూశాం, ఇంకేమైనా వస్తుందేమోనని. ప్రభంజన్‌గారు జాలిగా తల ఊపారు.

"అమ్మా, మీ మాటలో సమాచారం ఉంది, అనుభూతి లేదు. మా గుండె తలుపు తట్టకుండానే సరాసరి ట్యాంకు దగ్గరికి వెళ్ళిపోయారు."

ఆమెకు అర్థం కాలేదు. ట్యాంకు పడిపోతుందేమోనన్నదే తన భయమని మళ్ళీ చెప్పింది. భయం ఉండడం వేరనీ, దాన్ని శ్రోతకు అందించడం వేరనీ ఆయన వివరించారు. ఆమెను ఫెయిలు చేశారు. పాఠాల కరపత్రం ఒకటి ఉచితంగా ఇచ్చారు.

ఈ ఒక్క దారేనా, పిల్లల్ని ఇంకోచోట కూర్చోబెట్టకూడదా అని మీకు అనిపించవచ్చు. ఆమె కూర్చోబెట్టింది. ఎదురింటి వాళ్ళ వరండాలో కొన్నాళ్ళు నడిపింది. అంగన్వాడీల సూపర్‌వైజరు తనిఖీకి వచ్చి, కేంద్రం ఉండవలసిన చోట లేదని, ఇలాగైతే గుడ్లూ పాలూ నిలిపేస్తామని హెచ్చరించి వెళ్ళింది. ఆ వాడలో తల్లులు తెల్లవారకముందే రొయ్యల ఫ్యాక్టరీకి వెళ్ళిపోతారు. పిల్లలకు ఆ గుడ్డే పెద్ద తిండి. చంద్రకాంతం మళ్ళీ అందరినీ తెచ్చి ట్యాంకు కిందే కూర్చోబెట్టింది. చోటు మార్చమని అడగాలన్నా అదీ ఫిర్యాదే, దానికీ మార్కులు రావాలి.

తర్వాతి సోమవారం ఆమె చేతిసంచీలో ఒక బరువైన వస్తువు తెచ్చి బల్లమీద పెట్టింది. ట్యాంకు నుంచి ఊడిన కాంక్రీటు ముక్క. ఊయల పక్కన పడిందని చెప్పింది. ప్రభంజన్‌గారి మొహం వెలిగిపోయింది. దృశ్య సాధనం వాడడం వక్తృత్వంలో పైమెట్టు అని, చెప్పకుండానే ఆ మెట్టు ఎక్కేసిందని మెచ్చుకున్నారు. కాకపోతే ముక్క మరీ పెద్దదని, అరచేతిలో పట్టేది అయితే వెనక వరసకు ఎత్తి చూపడానికి వీలుగా ఉంటుందని సూచించారు. అలాంటిది పడినప్పుడు తెస్తానని ఆమె అంది. బల్లమీది ముక్కను మా కమిషనర్‌గారి గదిలో జ్ఞాపికల అద్దాల బీరువాలో పెట్టించారు. ఇప్పటికీ అక్కడే ఉంది.

ఆ సోమవారం ఆమె పాసయింది. అక్కడితో కష్టాలు గట్టెక్కాయని ఆమె అనుకున్నట్టుంది, నాకు దణ్ణం పెట్టి వెళ్ళింది. అయితే ఆమె పాసవడం మామూలుగా కాలేదు. మునిసిపాలిటీ మొత్తానికి మొదటి స్థానంలో పాసయింది. ఉత్తమ ఫిర్యాదు ప్రసంగం పోటీకి మా తరఫున ఆమెనే పంపుతున్నట్టు కమిషనర్‌గారు ప్రకటించారు. పోటీకి చుట్టుపక్కల మునిసిపాలిటీలన్నిటి నుంచీ ఫిర్యాదుదారులు వస్తారు. జరిగేది మా టౌన్‌హాల్లోనే.

మా ఇంజనీరుగారు మంచివాడే. ఫిర్యాదు రిజిస్టరైంది కనుక ట్యాంకు ఖాళీ చేయించి, కూల్చడానికి ఫైలు పెట్టాడు. కమిషనర్‌గారు ఆ ఫైలు చూసి నిజంగా నొచ్చుకున్నారు.

"పోటీకి ముందు ట్యాంకు తీసేస్తే ఆ అమ్మాయి ప్రసంగంలో నిజాయితీ ఏం మిగులుతుందయ్యా? గెలిచే అవకాశాన్ని మన చేతులతో మనం పాడు చేసుకుంటామా?"

పోటీ ముగిసిన వెంటనే తగు చర్య తీసుకోవలసిందిగా రాసి ఫైలు పక్కన పెట్టారు. ఈ సంగతి నేనే చంద్రకాంతానికి చెప్పవలసి వచ్చింది. నా కిరోసిన్ దీపంతో మొదలుపెట్టాను. ఆమె మధ్యలోనే ఆపి, ట్యాంకు ఎప్పుడు తీస్తారో చెప్పమంది. చెప్పాను. పోటీ ఎప్పుడని అడిగి, నిబంధనల కాగితం ఇమ్మంది. అది శ్రద్ధగా, రెండువైపులా చదివింది.

ఇక పోటీకి శ్రోతలు కావలసి వచ్చారు. ఇది అనుకున్నంత తేలిక కాదు. ఊళ్ళో అప్పటికే చాలామంది వక్తలైపోయారు. మిగిలినవాళ్ళు మా ట్యాంకరు కనిపిస్తే తలుపులు వేసుకుంటున్నారు. చివరికి అంగన్వాడీ పిల్లల్నే పట్టుకొచ్చి ముందు వరసల్లో కూర్చోబెట్టాలని ప్రభంజన్‌గారు సలహా ఇచ్చారు. పిల్లలైతే చప్పట్లకు వెనకాడరు. రొయ్యల ఫ్యాక్టరీ వాళ్ళతో మాట్లాడి ఆ పూట తల్లులను కూడా రప్పించారు. ఇదివరకటి సభల్లో శ్రోతలు సగంలోనే జారిపోయిన అనుభవం ఉంది కనుక, వందన సమర్పణ అయ్యేదాకా హాలు తలుపులు తాళం వేసి ఉంచాలని, పులిహోర పొట్లాలు ఆ తర్వాతే పంచాలని నిర్ణయించారు.

ముఖ్య అతిథిగా ప్రాంతీయ సంచాలకులవారు వచ్చారు. ఈ కార్యక్రమం నిబంధనలను ఆమోదించింది ఆయనే. ఆయన ప్రసంగానికి అంశం "వినడం ఒక కళ". పోటీ అయ్యాక ఆయన మాట్లాడతారని, అదే సభకు కిరీటమని ఆహ్వానపత్రికలో వేశాం. శాలువా కప్పాం. విలేకరులు ఫోటోలు తీస్తుండగా బంతిపూల దండ వేశాం.

పక్క ఊళ్ళవాళ్ళు ముందు మాట్లాడారు. ఒకాయన మురుగుకాలువ గురించి చెప్పి సంచాలకులవారి చేత కళ్ళు తుడిపించాడు. చివరి పేరు చంద్రకాంతానిది. పిల్లలు టీచరమ్మను వేదిక మీద చూసి అప్పుడే చప్పట్లు మొదలుపెట్టారు.

నేర్పిందేదీ ఆమె చెప్పలేదు. బాల్యం లేదు, విరామం లేదు. మొదటి సోమవారం మా ఆఫీసులో ఏం చెప్పిందో, ఇంచుమించు ఆ మాటలే చెప్పింది. నా పక్కన ప్రభంజన్‌గారు తల పట్టుకున్నారు. తర్వాత ఆమె ఇలా అంది:

"నేను చెప్పాల్సింది అయిపోయిందండి. ఇది అవ్వగానే పిల్లల్ని తీసుకెళ్ళి మళ్ళీ ఆ కిందే పడుకోబెట్టాలి. నేను పడుకోబెట్టలేనండి. అందుకని ట్యాంకులో నీళ్ళు తీసేసేదాకా ఈ మైకు ఇవ్వను."

హాలు దద్దరిల్లింది. ముగింపును శ్రోతలకు వదిలేయడం చాలా ఆధునికమైన పద్ధతి అని ప్రభంజన్‌గారు తేరుకుని సంచాలకులవారి చెవిలో చెప్పారు. సంచాలకులవారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. చప్పట్లు అయ్యాక కూర్చున్నారు. ఆమె దిగలేదు.

టైము అయిందని గంట కొట్టబోయిన అతన్ని నేనే ఆపాను. మమేకమైన వక్తను గంట కొట్టి ఆపరాదని నిబంధన ఉంది. అంతకుముందు ఒక రిహార్సల్లో కమిషనర్‌గారికే పొరపాటున గంట కొట్టేశారు, అప్పుడు పుట్టిన నిబంధన అది. శ్రోతలు చప్పట్లు కొడుతున్నంతసేపు వక్త మమేకమై ఉన్నట్టే లెక్క. చంద్రకాంతం చేతులెత్తి రోజూ చెప్పే పాట అందుకుంది. పిల్లలంతా పాటతో పాటు చప్పట్లు కొట్టారు. పాటలు అయ్యాక అక్షరాలు చెప్పించింది. ఒక్కో అక్షరానికీ చప్పట్లే. మధ్యలో ఒక పిల్ల ఒంటికి వెళ్ళాలంటే, మైకులోనే వాళ్ళమ్మను పిలిచి వేదిక వెనక తలుపులోంచి పంపించింది.

ఇంక చాలించమని చెప్పడానికి కమిషనర్‌గారు నన్ను వేదిక మీదికి తరిమారు. చెప్పాను. పిల్లలకు భోజనం వేళవుతోందని, గుడ్లు తెప్పించమని ఆమె నాకు చెప్పింది. నేను వెళ్ళి గుడ్లు తెప్పించాను. వందన సమర్పణకు ముందు ఆహారం పంచడం నిబంధనలకు విరుద్ధమే కానీ, నిబంధనలో పులిహోర అనే ఉంది, గుడ్ల మాట లేదు.

మధ్యాహ్నం దాటింది. సంచాలకులవారి దండ వాడిపోయింది. ప్రసంగం కాగితాలు చేతిలో చుట్టలు చుట్టుకుపోయాయి. మైకు లాక్కోమని కమిషనర్‌గారు వాచ్‌మన్‌కు సైగ చేశారు కానీ, విలేకరులు ఇంకా ఉన్నారు, పైగా వాచ్‌మన్ మనవరాలు రెండో వరసలో కూర్చుని అక్షరాలు చెబుతోంది. అతను ఆ సైగ చూడలేదు. సంచాలకులవారు కాసేపు ఓపికపట్టారు, కాసేపు వాచీ చూసుకున్నారు, చివరికి కమిషనర్‌గారి వైపు వంగి ఇలా అన్నారు:

"ఆ ట్యాంకు సంగతేదో చూడండయ్యా. నేను మాట్లాడాలి."

పసిపిల్లల ప్రాణాలూ, సోమవారాలూ, బల్లమీద పెట్టిన కాంక్రీటు ముక్కా చేయలేని పని ఆ ఒక్క వాక్యం చేసింది. కమిషనర్‌గారు అక్కడికక్కడే ఫైలు తెప్పించి, పూలగుత్తిని ఆసరాగా కింద పెట్టుకుని సంతకం పెట్టారు. ఇంజనీరుగారు దారిలో ఎవరికైనా ప్రసంగం చెప్తూ ఆగిపోతాడేమోనని నన్ను వెంట పంపారు. వేదిక వెనక తలుపులోంచి బయటపడి ఇద్దరం పరిగెత్తాం.

ఇంజనీరుగారు మనిషిని పెట్టి వాల్వు తిప్పించాడు. నీళ్ళు వీధంతా పారాయి. ట్యాంకు సగం ఖాళీ అయ్యేసరికి పైన ఏదో పటపటమంది. ట్యాంకు చుట్టూ ఉన్న నడవా ఒక పక్క విరిగి, అమాంతం అంగన్వాడీ రేకుల మీద పడింది. దుమ్ము అణిగాక లోపలికి తొంగిచూశాను. పలకలూ, చిన్న చిన్న కంచాలూ, వాటి మీద సిమెంటు దిమ్మెలూ. మధ్యలో చాప పరిచే ఉంది. రోజూ ఆ వేళకు పిల్లలు దానిమీదే పడుకుంటారు. గోడ పట్టుకుని కూలబడ్డాను. ఉద్యోగంలో చేరాక నాకు నిజంగా భయమేసింది ఆ ఒక్కసారే.

తిరిగివచ్చి వేదిక ఎక్కాను. ఏదైనా చెప్పేముందు కథతో మొదలుపెట్టాలన్నది కూడా గుర్తు రాలేదు. నడవా పడిపోయిందని, నీళ్ళు దిగిపోతున్నాయని చెప్పాను. ఆమె నా మొహం చూసింది.

"అక్కడెవరూ లేరుగదండీ?"

లేరన్నాను. ఆమె కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. మైకు బల్లమీద పెట్టేసి, కిందకు దిగి, పిల్లల్ని ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని వరసగా నిలబడమంది. వాళ్ళు తలుపు దగ్గరికి వెళ్ళేసరికి వాచ్‌మన్ తాళం తీసేశాడు. తల్లులు పిల్లల వెనకాల వెళ్ళారు. మిగతావాళ్ళు తల్లుల వెనకాల వెళ్ళారు. విలేకరులు ట్యాంకు దగ్గరికి పరిగెత్తారు.

ఒక్క చిన్నారికి కూడా దెబ్బ తగలకపోవడం కేవలం మన ప్రసంగ పోటీ ఫలితమేనని కమిషనర్‌గారు మైకులో ప్రకటించారు. ఊళ్ళో ప్రమాదకరమైన కట్టడాలకు మరమ్మతు చేసేకంటే, వాటి కింద ఉండేవారిని తరచుగా సభలకు రప్పించడం మేలని ప్రతిపాదన పంపుతామన్నారు. ఆ తర్వాత సంచాలకులవారు లేచి ఖాళీ కుర్చీలకు "వినడం ఒక కళ" గురించి దీపాలు పెట్టేవేళ దాకా వివరించారు. గుండె తాకే ప్రతిచోటా ఆగారు. ఆగినప్పుడల్లా సిబ్బందిమి చప్పట్లు కొట్టాం. వందన సమర్పణ నాదే కాబట్టి, ఓపికగా విన్న సభికులకు ధన్యవాదాలు చెప్పి పులిహోర పొట్లం తీసుకున్నాను.

ప్రథమ బహుమతి మురుగుకాలువ ఆయనకు వెళ్ళింది. ఆ కాలువ ఇంకా అలాగే పారుతోంది, ఆయన రాష్ట్ర పోటీకి సిద్ధమవుతున్నాడు. చంద్రకాంతానికి బహుమతి ఎందుకు రాలేదో న్యాయనిర్ణేతలు వివరంగా రాశారు. గొంతు బాగుందన్నారు, శ్రోతలతో మమేకం కావడం అసాధారణమన్నారు. అయితే ఈ వక్త తాను అడిగిన పని జరగగానే మాట్లాడడం మానేశారని, వక్తృత్వ సూత్రాల ప్రకారం ఇది క్షమించరాని లోపమని తేల్చారు.